కాపలా గొంతు

“ఈ పొద్దు కూడా అరవలేదు పాపా,” అంది నాగలక్ష్మమ్మ. పట్టుకున్న కంచెలో ముల్లు వేలికి దిగింది. ఆమె చూసుకోలేదు.

మనవరాలు శివాని గుంజకు కట్టిన పెట్టె విప్పి, ల్యాప్‌టాప్‌కు తీగ తగిలించింది. నల్లమల మీద ఎండ ఎర్రబడింది.

“ఎప్పటినుంచి?”

“నిన్న నువ్వు కర్నూలు నుంచే ఏందో మార్చినా అన్యావే, అప్పుడొకసారి అరిచినాడు. అంతే. చెవులు అప్పగించి కూసున్యా.”

పెట్టెలో ఉన్నది ఆమె పెనిమిటి తిమ్మయ్య గొంతు. అడవిపందులను బెదరగొట్టడానికి శివానే ఫోన్లో పట్టింది. చేన్లో ఏది కదిలినా పెట్టె ఆ గొంతుతో కేక వేస్తుంది. ఆ తర్వాతి కార్తీకంలో తిమ్మయ్య ఛాతీ పట్టుకుని ఆటో ఎక్కాడు. “వచ్చేస్తాలే” అన్నాడు. రాలేదు.

“గొంతు పోయిందా?” అంది నాగలక్ష్మమ్మ. పెట్టె మూగబోతే ఇక మిగిలేదేమీ లేదు.

“పోలేదవ్వా. తప్పు నాదే. ఇందులో రాసిన ప్రోగ్రాంలో కాపలా అని ఒక ఫంక్షన్, అంటే ఒక పని, ఉండాది. కేక అని ఇంకోటి ఉండాది. కేకను కాపలా చేతికియ్యాల. ఎవరి గొంతు, ఎంత గట్టిగా అనేవి కూడా దాంతోపాటే ఇయ్యాల. పంది వచ్చినప్పుడు కాపలానే కేక వేయిస్తాది.”

“మరి ఇయ్యలేదా?”

“ఇచ్చేటప్పుడు కేక పక్కన బ్రాకెట్లు పెట్టేసినా. బ్రాకెట్లు పెడితే ఆ నిమిషమే కేక వెయ్యమని లెక్క. నిన్న వేసేసింది. కాపలా చేతికి ఉత్తగాలి పోయింది.”

నాగలక్ష్మమ్మకు సగమే అర్థమైంది.

“తాత బదులు పులి గొంతు ఇద్దామా? ఆ ఒక్కటి మారిస్తే చాలు. పందులు ఇంకా హడలిపోతాయి.”

ఆమె శివాని మణికట్టు పట్టేసుకుంది.

“వద్దు పాపా. పులికేం తెలుసు ఈ చేను సంగతి? మీ తాత తిట్లు తిని పెరిగిన పందులవి. వాటికి ఆయనంటేనే భయం.”

“సరే, నీ మొగుడే అరుస్తాడులే.” శివాని బ్రాకెట్లు తీసేసి, తాత గొంతునూ సౌండునూ విడిగా రాసింది. “ఎవరన్నా అడ్డం నడిచి చూడాల.”

“నేను పోతా.”

చెప్పులు విడిచి లోపలికి అడుగు వేసింది. ఏమీ లేదు. ఇంకో అడుగు. మరో అడుగు.

“ఏయ్, ఎవురది చేన్లో? ఉండు, వస్తాండా!”

నాగలక్ష్మమ్మ కళ్లు మూసుకుని అక్కడే నిలబడిపోయింది.

“బాగైంది కదవ్వా, ఇంక రా.”

“ఉండు పాపా, ఇంకొకసారి చూస్తా. పందులు శానా తెలివైనవి. శెనక్కాయ వాసన తగిల్తే వదలవు.”

“చూడవ్వా,” అంది శివాని మొహం పక్కకు తిప్పుకుని.

ఆ ఏడు ఆ చేన్లో విత్తనమే పడలేదు.