ఖాళీగా ఉన్న డి డ్రైవ్

"అన్నీ సి డ్రైవ్‌లనే కుక్కినోడు ఎవడు? డి మొత్తం ఖాళీగ పడి ఉంటే కండ్లకు కనపడలేదా?"

మా లీడరు పగిడయ్యన్న కేక భద్రాచలం బస్టాండు దాకా పోయి ఉంటుంది. మా సంఘం ఆఫీసులో సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ పొద్దున్నుంచి జాగా లేదు, జాగా లేదు అని మొరాయిస్తోంది. నిన్న టైపు చేసిన వినతిపత్రం అందులోనే ఉంది. మధ్యాహ్నం పెద్ద ఆఫీసరు వచ్చేలోపు దాన్ని అచ్చు తీసి ఆయన చేతిలో పెట్టాలి. లేదంటే ఆర్డరు మీద సంతకం పెట్టేస్తాడు. సంతకం పడితే జంపక్క వాళ్ల ఊరు ఆగం. ఆమె చీకట్లోనే అడవి దాటి వచ్చి బెంచీ మీద కూర్చుంది.

టైపు చేసే భార్గవి కాగితాలు కొనడానికి బయటికి పోయింది. పగిడయ్యన్న ఆగే మనిషా? మౌస్ పట్టడం ఆయనకు మొన్ననే వచ్చింది. మైకు పట్టినట్టే పట్టాడు.

తెలుగు టైపు సాఫ్ట్‌వేరు, ప్రింటరుది, పేరు తెలియనివి ఇంకెన్నో. అన్నిటినీ సి నుంచి కట్ చేసి డిలో పడేశాడు. మేం చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టాం. మాకు బాగా వచ్చిన పని అదొక్కటే.

ఆ తర్వాత దేని మీద నొక్కినా ఒక్కటీ తెరుచుకోలేదు.

భార్గవి వచ్చి చూసి నెత్తి పట్టుకుంది.

"ఏం చేసినవన్నా?"

"పెద్ద జాగాలకు పంపిన. సి కంటె రెండింతలుంది. ఇంకేం కావాలె వాటికి?"

బెంచీ మీద జంపక్క తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"ఇన్‌స్టాల్ చేసినప్పుడే ఎక్కడుండాల్నో అది రాసిపెట్టుకుంటదన్నా. దాని సగం సామాన్లు ఇంకా సిలనే ఉన్నయ్. ఒట్టి ఫోల్డరు ఎత్తుకపోయి పడేస్తే ఎట్ల నడుస్తది?"

"కొన్నిరోజులైతే అదే అలవాటైతది తియ్."

"అలవాటు పడదన్నా. చస్తది."

ఎత్తినవన్నీ ఆమె మళ్లీ ఎక్కడివక్కడ పెట్టింది. "జాగా ఎవరు తిన్నరో చూస్తవా?" అంటూ ఒక ఫోల్డరు తెరిచింది. అన్నీ పగిడయ్యన్న ఫొటోలే. మైకుతో, దండతో, దండ తీసేసి. వెనకాల చప్పట్లు కొడుతూ మేం.

"గివి యాడికి పంపినా బతుకుతయ్" అని వాటిని డిలోకి తోసింది.

ఈసారి సాఫ్ట్‌వేరు తెరుచుకుంది. ప్రింటరు గురకపెడుతూ కాగితం కక్కింది. తాను దగ్గరుండి రాయించిన డిమాండును జంపక్కకు వినిపిద్దామని పగిడయ్యన్న గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు, కానీ సగానికి వచ్చేసరికి ఆ గొంతు మాకే వినపడలేదు:

"గుట్ట అవతల పెద్ద జాగా ఖాళీగా ఉన్నదని చెప్పి, మా ఊరిని ఎత్తి అక్కడ పడేసే ఆర్డరును వెంటనే ఆపేయాలి."