రెండు తలుపుల లాడ్జి

టూర్ల ఆఫీసు మెట్లెక్కేలోపే ఆ నలుగురి మధ్య సగం గొడవ వీధిలోనే అయిపోయింది.

ముందు నడుస్తున్నవాడికి కళ్ళద్దాల షాపులో పని. వెనక అతని భార్య. ఆస్పత్రిలో నర్సు. ఈ ఐదు రోజుల ప్రయాణం కోసం మూడు నెలలు ఒక్క సెలవూ పెట్టలేదు.

ఆమె పక్కన ఆమె తల్లి. నాలుగడుగుల దూరంలో అతని తండ్రి, వియ్యపురాలి వైపు చూడకుండా.

వాళ్ళిద్దరికీ తెలియని సంగతి ఒకటుంది. వచ్చే నెల నుంచి ఇద్దరినీ తమ దగ్గరే, ఒకే ఇంట్లో ఉంచుకోవాలని భార్యాభర్తలు అనుకున్నారు. ఇల్లు కూడా చూసి పెట్టారు. ఐదు రోజులు సముద్రం దగ్గర సర్దుకుపోగలిగితే, తిరిగొచ్చాక ఆ మాట ఎత్తుదామని.

తీరా చూస్తే ఏ సముద్రమన్న దగ్గరే బండి ఆగిపోయింది.

ఆయనకు మనిషి అలికిడి లేని తీరం కావాలి. ఆవిడకు జనం, అంగళ్ళు, దీపాలు కావాలి. ఒక ఊరి పేరు చెబితే ఆయన మొహం ముడుచుకునేవాడు. ఇంకోటి చెబితే ఆవిడ, మీరు వెళ్ళిరండి, నేను ఇంటిపట్టున ఉంటానులే అనేది.

వారంగా ఇదే తంతు. అతనికి పని మీద మనసు లేదు. నిన్న ఒకరి అద్దాలు ఇంకొకరి ఫ్రేములో బిగించి తిట్లు తిన్నాడు.

కౌంటర్ వెనక కుర్చీలో మాసిన చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన ఉన్నాడు. చేతిలో పెన్ను లేదు, ముందు కంప్యూటరూ లేదు.

నలుగురూ ఒకేసారి మొదలుపెట్టారు. ఆయన అంతా విన్నాడు. ఏ బీచ్ కావాలని అడగలేదు. తండ్రిని ఏం పని చేసేవారని అడిగాడు.

నేత మిల్లులో ముప్పై రెండేళ్ళు అన్నాడు తండ్రి. మానేసి ఆరేళ్ళయినా చెవుల్లో మగ్గాలు ఇంకా ఆడుతూనే ఉన్నాయట. ఆ మాట కొడుకు వినడం అదే మొదలు.

తర్వాత ఆవిడని, ఇంట్లో ఎవరెవరుంటారమ్మా అని అడిగాడు.

ఎవరూ లేరంది. భర్త పోయి తొమ్మిదేళ్ళు. కూతురు ఫోన్ చేయని రోజున నోరు తెరిచే పనే ఉండదంది.

కూతురు తల దించుకుంది.

"ఇద్దర్నీ ఒక దారికి తేవాలని చూడకండి బాబూ," అన్నాడు పెద్దాయన. "ఒక లాడ్జి ఉంది. ముందు తలుపు తీస్తే బజారు వీధి. వెనక తలుపు తీస్తే అలల చప్పుడు కూడా లేని నీళ్ళు. పొద్దున టిఫిన్ కలిసి తినండి. సాయంత్రం టీ కలిసి తాగండి. మధ్యలో ఎవరి సముద్రం వాళ్ళది."

మీ తేదీలకే రెండు గదులున్నాయని కూడా అన్నాడు.

అతను గోడ మీది పట్టికలో వెతికాడు. ఆ లాడ్జి పేరే లేదు. ఫోటో చూపించమంటే, ఫోటోలు లేవన్నాడు పెద్దాయన.

అసలే వారంగా విసిగి ఉన్నాడేమో, అతను నోరు జారాడు.

"ఎవరూ తీసుకోని గదులు మాకు అంటగట్టకండి. తెలిసినవాళ్ళెవరైనా ఉంటే పిలవండి."

పెద్దాయన మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి, లోపలికెళ్ళి గుమాస్తాను పంపాడు. మళ్ళీ బయటికి రాలేదు.

గుమాస్తా రంగురంగుల ఫోటోలు చూపించాడు. అందరూ వెళ్ళే చోటే ఖాయమైంది.

అక్కడ హోటల్ వాళ్ళ పాటలకు తండ్రి చెవుల్లో దూది పెట్టుకుని గదిలోనే కూర్చున్నాడు. బజారు ఎక్కడో మూడు మైళ్ళ అవతల. అత్తగారు ఇసుకలో ఒంటరిగా ఇటు నుంచి అటు నడిచి వచ్చేది. మూడో రోజు టిఫిన్ దగ్గర ఇద్దరూ చెరో బల్ల దగ్గర కూర్చున్నారు.

భార్య బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చింది. ఆ మధ్యాహ్నమే సామాను సర్దేశారు.

తిరుగుదారిలో డ్రైవరు టీకి కారాపిన చోట, బజారు వీధిలో పాత లాడ్జి ఒకటి కనబడింది. తెరిచి ఉన్న ముందు తలుపులోంచి వెనక తలుపు, దాని అవతల కదలని నీళ్ళు.

గదులు అడిగారు. ఖాళీ లేవు.

రెండు గంటలు మాత్రం ఆగారు. తండ్రి వెనక మెట్ల మీద కూర్చున్నాడు. అత్తగారు బజారంతా తిరిగి, బేరాలాడి, కనబడినవాళ్ళతోనల్లా మాట్లాడి, రబ్బరు చెప్పుల జతతో వచ్చింది.

"అన్నయ్యగారూ, ఇసుకలో తోలుచెప్పులు పాడైపోతాయి. ఇవి వేసుకోండి."

ఆయన మెట్టు మీద కాస్త జరిగి చోటిచ్చాడు.

"కూర్చో చెల్లెమ్మా. నీ కాళ్ళు నొప్పెట్టి ఉంటాయి."

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంటి మాట ఆ రాత్రి కారులోనే ఎత్తారు. ఇద్దరూ కాదనలేదు.

మర్నాడు షాపు తెరవకముందే అతను టూర్ల ఆఫీసుకెళ్ళాడు. పెద్దాయన లేడు. ఆ రోజు మీ పెద్దాయనని తప్పుగా అనుకున్నాను, క్షమించమని అడగాలన్నాడు.

గుమాస్తాకు కాసేపు అర్థం కాలేదు.

"ఆయన మా మనిషి కాదండీ. మోకాళ్ళ నొప్పంటే నేనే నా కుర్చీలో కూర్చోమన్నాను."

ఫోన్ నంబరు ఇవ్వమన్నాడు అతను. గుమాస్తా ఫైలు తీసి చూశాడు.

"ఇందులో ఆయన భార్య నంబరొక్కటే ఉందండీ. అది ఇప్పుడు పనిచేయదు."

ఎందుకో గుమాస్తానే చెప్పాడు.

"ఏటా ఇద్దరూ మా ద్వారా ఆ లాడ్జికే వెళ్ళేవారు, ఆవిడకు బజారు వైపు గది, ఆయనకు నీళ్ళ వైపు గది, ఈ ఏడు ఆవిడ లేరని ఆ రెండూ రద్దు చేసుకోవడానికొచ్చి, నేను కాగితం తెచ్చేలోపు మీకు ఇచ్చేద్దామనుకున్నారట."