ఫిలిపో మౌనవ్రతం

సవాయీ దీవి హైస్కూల్లో పదకొండో తరగతికి మత పాఠాలు చెప్పేది మసీనా టీచర్. మౌనం పాటించే బౌద్ధ సన్యాసులకు దానివల్ల ఏం తెలుస్తుందో రాసుకు రమ్మంటే, ఆ సోమవారం ఒక్కరూ రాసుకు రాలేదు.

"ఫిలిపో, నువ్వు చదువు," అంది టీచర్.

క్లాసులో అందరికన్నా పెద్ద గొంతు ఫిలిపోదే. అతను మాట్లాడకుండా లేచి బోర్డు మీద రాశాడు: "నాది మౌనవ్రతం. సాయంత్రం దాకా మాట్లాడకూడదు."

వెంటనే క్లాసంతా పెదవుల మీద వేలు పెట్టుకుంది.

మసీనా నవ్వు ఆపుకుంది. "మంచిది నాయనా. మీ వ్రతం చెడగొడితే నాకే పాపం. సరే, శనివారం పొద్దున అందరూ చర్చి చుట్టూ కలుపు పీకాలి. కుదరనివాళ్ళు ఇప్పుడే చెప్పండి."

శనివారం పొద్దునే రగ్బీ ఫైనల్. కెప్టెన్ ఫిలిపోయే. అతని మొహం కందిపోయింది.

"ఎవరూ కాదనలేదు. అయితే ఖాయం," అంటూ టీచర్ పుస్తకం మూసింది.

"టీచర్! ఆ రోజు మ్యాచ్ టీచర్!"

"హమ్మయ్య, మాటొచ్చింది. ఇక చెప్పు, మౌనం వల్ల ఏం తెలుస్తుంది?"

ఫిలిపో తల గోక్కున్నాడు. "నోరు మూసుక్కూర్చుంటే మన శనివారం ఎవరో ఒకరు లాగేసుకుంటారని తెలిసింది టీచర్."

మసీనా పగలబడి నవ్వి, పదికి పది వేసింది. "బాగుంది. మరి కలుపు ఎవరు పీకుతారు?"

ఫిలిపో ఇంకా వేలు తీయని క్లాసు వైపు తిరిగి చూశాడు.

"శుక్రవారం సాయంత్రం వీళ్ళంతా వస్తారు టీచర్. ఎవరైనా కాదంటున్నారా?"