వాడుకలో లేని పదాలు

జిల్లాలోని కాగితాలన్నీ ఇప్పుడు ఒకే పదకోశాన్ని బట్టి నడుస్తాయి. అందులో లేనిది ఏ ఆఫీసులోనూ లేనట్టే. దానికి డీటీపీ చేసే ప్రసూనాంబ, ప్రింటుకు పంపేముందు అలవాటుగా, వాడుకలో లేని పదాల జాబితా చూడకుండానే "తీసెయ్" అంది. కంప్యూటర్‌లోని ఎడిటర్ మాట వింటే చాలు, పని చేసేస్తుంది; ఎవరి గొంతైనా దానికి ఒకటే. తీసేసింది.

పది నిమిషాలకు ఆస్పత్రి నుంచి తల్లి ఫోను.

"ఇటుకబట్టీల పేటనేదే లేదంటున్నారే! మనోళ్లెవరికీ మందులివ్వరంట."

ఆ జాబితాలో తమ పేట కూడా పోయిందన్నమాట. ప్రసూనాంబ గబగబా పేట పేరు మళ్లీ కొట్టింది. ఎడిటర్ ఒప్పుకోలేదు. చిరునామా లేనివాళ్లు పదాలు చేర్చకూడదట.

తెరమీద ఇంకో ప్రశ్న వచ్చింది: "ప్రసూనాంబ. ఏ కాగితంలోనూ లేని పేరు. తీసేయమంటారా?"

ఆమె "వద్దు" అనబోయింది. అంతలో పక్క సీట్లో యాకోబు పని ముగించుకుని, తన తెరకేసి చూస్తూ అలవాటుగా అన్నాడు:

"తీసెయ్."