మూతున్న డబ్బా

పత్తికి కొట్టిన పురుగుమందు డబ్బా ఖాళీ అయింది. జానమ్మ భర్త దాని మీది కాగితం గీకేసి, నూనె పోసుకుందామని ఇంట్లోకి తెచ్చాడు. జానమ్మ ఒప్పుకోలేదు.

"ఎంత తోమినా ఇసం ఇసమే. నా వంటింట్ల వద్దు" అని గుంజుకుని పెంటకుప్ప మీద పారేసింది. ఇల్లు కాపాడుకున్నానని ఆమెకు నిమ్మళమైంది.

మూడోనాడు పక్కింటి బిక్షమ్మ నాలుగేళ్ల బిడ్డను భుజాన వేసుకుని ఏడుస్తూ వచ్చింది. పిల్ల నోట్లోంచి నురగ వస్తోంది. ఇద్దరూ దవాఖానకు ఉరికారు.

"ఏం తాగింది?" అని అడిగాడు డాక్టరు.

"పెరుగు చిలికిన సల్లనే సారూ. మూతున్న మంచి డబ్బ పెంట మీద దొరికితే, బూడిదతోటి రెండుసార్లు తోమి, ఆ డబ్బల వోసి పెట్టిన" అంది బిక్షమ్మ.

జానమ్మ డాక్టరు దగ్గరికి జరిగింది. "అది పత్తిమందు డబ్బ సారూ. నేనే పారేసిన" అంది.

డాక్టరు సూదులు వేశాడు. పొద్దుగూకకముందే పిల్ల ఊపిరి ఆగిపోయింది.

తిరుగుదారిలో బిడ్డను ఒళ్లో పెట్టుకున్న బిక్షమ్మ జానమ్మను తిట్టలేదు. మెల్లగా ఒక్కమాటే అంది.

"నువ్వు మంచిపనే చేసినవ్ అక్కా. జర డబ్బకు పొక్క వొడిచి, సుక్క నిల్వకుంట జేసి పారేస్తే ఎంత బాగుండు."