మూడో పెట్టె

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: తాను చూసి పంపిన గౌనులో విరిగిన సూది ముక్క మిగిలిపోయి, ఏ పసిబిడ్డకో గుచ్చుకుంటుందేమోనని.

అందుకే కుడివైపు గుట్టలోని గౌనును నాలుగోసారి అందుకోబోయింది. చేతిమీద కొలత టేపు టప్పుమని పడింది.

"ఎడమవైపు నుంచి తియ్యి, తిరగేసి తడుము, చీటీ పెట్టు, కుడివైపు పడెయ్యి. కుడివైపు పడ్డాక దాంతో నీకు సంబంధం లేదు" అంది సూపర్‌వైజరమ్మ. పసిపిల్లల గౌన్లు కుట్టే ఆ షెడ్డులో, చివరి బల్ల దగ్గర ఆమెకు అదే మొదటి రోజు.

"పొద్దున ఎవరి మిషన్‌లోనో సూది విరిగింది కదక్కా..."

"విరిగింది. రెండు ముక్కలూ దొరికాయి. అట్టకు అంటించాకే కొత్త సూది ఇచ్చాను. నువ్వూ చూశావుగా?"

"చూశాను. మూడో ముక్క ఉంటేనో?"

పక్కన గుండీలు కుట్టే పెద్దావిడ పళ్ళతో దారం తెంపి పకపకా నవ్వింది. "ఓసి నీ అనుమానం బంగారం కానూ! రెండూ కలిపితే నిండు సూది అయింది కదే పిల్లా. మూడోది ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తుంది?"

ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసినా చేతులు ఊరుకోవు.

"దీన్ని ఓసీడీ అంటారటక్కా" అంది గొంతు తగ్గించి. "అనుమానం వస్తే రానిమ్మంది డాక్టరమ్మ. దాంతో వాదన పెట్టుకోకుండా చేతిలో పని చూసుకోమంది. చెప్పినంత తేలికా?"

"తేలిక కాదులే" అంటూ సూపర్‌వైజరమ్మ కాస్త మెత్తబడింది. మళ్ళీ అంతలోనే బిగిసింది. "కానీ సాయంత్రానికి పది పెట్టెలు కదలాలి. మూత అంటించిన పెట్టెను విప్పావా, రేపట్నుంచి ఈ బల్ల ఇంకొకరిది. ముందే చెబుతున్నా."

మధ్యాహ్నానికి ఆమె గాడిలో పడింది. అనుమానం వచ్చినప్పుడల్లా 'వచ్చావా తల్లీ, అలా కూర్చో, నాకు పనుంది' అనుకుని తరువాతి గౌను తీసింది. అది కూర్చుంటేగా! నెత్తికెక్కి తైతక్కలాడింది. అయినా గుట్ట కరుగుతూనే ఉంది.

సాయంత్రం పది పెట్టెలూ వాకిట్లోని నీలం వ్యాన్ ఎక్కాయి. డ్రైవర్ టీ తాగి వస్తానని వెళ్ళాడు. సరిగ్గా అప్పుడు పట్టుకుంది ఆమెకు.

"అక్కా, మూడో పెట్టె! అందులో పసుపు గౌను ఎడమ చేయి తడిమానో లేదో..."

"తడిమావు."

"మీరు చూశారా?"

సూపర్‌వైజరమ్మ తానే ఓసారి వ్యాన్ వంక చూసింది. "మొహం కడుక్కుని ఇంటికి పో. వ్యాన్ వంక చూశావంటే ఊరుకోను."

ఆమె వెనకవైపు కుళాయి దగ్గరకు నడిచింది. కాళ్ళు ఇటు, మనసు అటు. ఎన్ని దోసిళ్ళ నీళ్ళు చల్లుకున్నా పసుపు గౌను కళ్ళముందు నుంచి కదల్లేదు. ఆమె మాత్రం వ్యాన్ వైపు కదల్లేదు. ఇంతలో చెవుల్లో పాటలు పెట్టుకుని డ్రైవర్ ఊగుతూ వచ్చాడు. వ్యాన్ వెనక తలుపు ధడేల్మని వేసి, గడియ పెట్టి, బండి తీశాడు.

వ్యాన్ గేటు దాటుతుంటే లోపలి నుంచి ధబ్ ధబ్ అని చప్పుడు.

ఆమె వాకిట్లోకి వచ్చి పెద్దావిడ చెయ్యి పట్టుకుంది. "పెద్దమ్మా, వినిపించిందా?"

"ముప్పై ఏళ్ళ నుంచి నా చెవుల్లో మిషన్లు తప్ప ఏం వినిపిస్తాయే? ఏమిటీ?" అంది గుండీల పెద్దావిడ, చెప్పులు వేసుకుంటూ.

"వ్యాన్‌లోంచి ఎవరో కొడుతున్నట్టు..."

"పొద్దున మూడో ముక్క, ఇందాక మూడో పెట్టె, ఇప్పుడు చప్పుడా? బాగుంది వరస! పద పద."

నిజమేననిపించింది ఆమెకు. ఇదీ ఆ బాపతే. పరుగెత్తి వ్యాన్ ఆపమని కాళ్ళు పీకుతున్నాయి. పిడికిళ్ళు బిగించి, పళ్ళు కరిచిపట్టి, వ్యాన్ పోయిన వైపు కాక, రోడ్డుకు రెండో వైపు నడిచింది. చప్పుడు దూరమైంది, సన్నగిల్లింది, ఆగిపోయింది. వీధి మలుపు తిరిగేసరికి ఊపిరి తేలికైంది. ఇన్నాళ్ళలో అనుమానాన్ని ఇలా సాగనంపడం అదే మొదటిసారి.

ఇంట్లో అడుగుపెట్టగానే పాప చంకలోకి ఎగిరి దూకింది.

"ఎలా జరిగిందే?" అంది అత్తగారు.

"గెలిచానత్తా!" అంటూ ఆమె పాపను ఎత్తుకుని గిర్రున తిరిగింది. "చెవిలో నగారా మోగినా వెనక్కి తిరిగి చూడలేదు!"

ఆ సంబరాన్ని మనం చెడగొట్టొద్దు. కాకపోతే మీకు దారిలో ఎక్కడైనా నీలం వ్యాన్ ఎదురైతే, పుణ్యముంటుంది, దాన్ని ఆపి వెనక తలుపు తీసి చూడండి: ఆ పసుపు గౌను చేయి తానే తడిమి వద్దామని ఎక్కిన సూపర్‌వైజరమ్మ ఇంకా లోపలే ఉంది.