శవమున్న ఇల్లు

“జీపు మన గల్లికి మలిగింది. ఇగ పడుకో అవ్వా.”

గంగమణి బీడీల చాట పక్కకు నెట్టేసింది. తల్లి సత్తవ్వ మాత్రం పెళ్లికి పోతున్నంత హుషారుగా దక్షిణం దిక్కు తల పెట్టి, గచ్చు మీద వెల్లకిలా పడుకుని, ముఖం మీదికి దుప్పటి లాక్కుంది.

“దీపం ముట్టియ్యవేందే?” అంది దుప్పటి లోపలి నుంచే.

“బతికున్న మనిషి తలాపున దీపమా? నాతోని గాదు.”

“ఇల్లు వోతె నీ తలాపున గోడ గూడ ఉండది. ముట్టియ్యి. ఫంక బందు జెయ్యి. పీనుగకు గాలెందుకే?”

ఉపాయం సత్తవ్వదే. ఈ ఇంటి కేసు గంగమణి పెదనాన్న కొడుకు మధుకర్ గెలిచాడు. తీర్పు రాయడం వరకే జడ్జి పని. ఉన్నవాళ్లను బయటికి నడిపించి, సామాను వాకిట్లో పెట్టించి, గెలిచినవాడికి ఇల్లు అప్పగించాల్సింది కోర్టు అమీను. అయితే శవమున్న ఇంట్లో ఈ అమీను సామాను ముట్టడని బోధన్ కోర్టు చుట్టూ తిరిగేవాళ్లు చెప్పుకుంటారు. ఈ ఒక్కరోజు గడిస్తే రేపటి నుంచి కోర్టుకు ఎండాకాలం సెలవులు. ఆ సందులో హైదరాబాద్ పోయి స్టే తెస్తానని వకీలు మాటిచ్చాడు.

గంగమణి గుండెలు బాదుకుంటూ శోకాలు అందుకుంది.

అమీను సత్యానందం గడప బయటే చెప్పులు విడిచాడు. “ఎప్పుడమ్మా?”

“పొద్దుగాల సారూ. చాయ తాగి కూసున్నది కూసున్నట్టే ఒరిగింది.”

“నాటకం సార్,” అన్నాడు వెనకే వచ్చిన మధుకర్. “నిన్న అంగట్ల వంకాయలు బేరం జేసింది సిన్నమ్మ. అరికాలు గీకుండ్రి, గదే లేస్తది.”

“నోరు మంచిగ రానియ్యి తమ్మీ,” అన్నాడు సత్యానందం.

“ఊకెనే నమ్ముతరా? సూసుడు మీ డ్యూటీ. మీరు సూసేదాక నేను ఈడికెళ్లి కదల.”

గడపలో వాళ్ల వాదన ఎంతకీ తెగలేదు. మే నెల ఎండ, పైన రేకులు. కూర్చున్న గంగమణికే ఊపిరాడటం లేదు, దుప్పటి కింద అవ్వ ఏమైపోతోందోనని ప్రాణం కొట్టుకుంటోంది. దుప్పటి మాత్రం ఇంతకూడా కదల్లేదు. మా అవ్వ మొండిది, మాటంటే మాటే అనుకుని, లోపల్లోపల తల్లికి దండం పెట్టుకుంది.

చివరికి సత్యానందం లోపలికొచ్చి సత్తవ్వ పక్కన కూర్చున్నాడు. గంగమణి శోకం ఆపి ఆయన చేతుల వైపే చూసింది. అయిపోయింది, దొరికిపోయాం. ఇల్లూ పోయింది, ఇజ్జతూ పోయింది.

అమీను దుప్పటి కింది నుంచి ముసలామె చెయ్యి తీసి, నాడి పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. గంగమణి వైపు జాలిగా చూశాడు. ఆయనకంతా తెలిసిపోయిందని ఆమెకు అర్థమైంది. తర్వాత ఆయన కళ్లు మూసుకున్నాడు, పెదవులు కదిలాయి. మెథడిస్టు చర్చికి పోయే మనిషి; తమ కోసం అబద్ధం రాయాల్సి వస్తోందని దేవుణ్ణి మన్నింపు అడుగుతున్నాడనుకుంది.

చెయ్యిని పదిలంగా గచ్చు మీద పెట్టి ఆయన లేచాడు.

“మధుకర్, పోయి జీపుల కూసో. సెలవులైనంక వద్దాం.”

“సార్, అసల్కి…”

“శవమున్న ఇల్లని రాస్త. నడువు.”

మధుకర్ గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. గంగమణి ఇక ఆగలేకపోయింది. ఎంత మంచి మనిషి. నాడి పట్టి చూసి కూడా తమను బయటపెట్టలేదు. వెళ్లి ఆయన కాళ్ల మీద పడింది.

“మీ కడుపు సల్లగుండ సారూ. అంత ఎర్కయ్యి గూడ మమ్ముల కాపాడిండ్రు. బతికున్నన్ని దినాలు మా అవ్వ, నేను మీ పేరు జెప్పుకుంటం.”

కొంగుతో కళ్లు తుడుచుకుని, నవ్వుతూ తల్లి వైపు తిరిగింది.

“ఇగ లే అవ్వా, పోయిండు.”

దుప్పటి తీయబోయిన ఆమె చేతిని సత్యానందం మెల్లగా పట్టుకుని ఆపాడు.

“ఇగ నిజంగ ఏడువు చెల్లె.”